ఈశాన్యంలో సంపు, నైరుతిలో పుట్ట: మా ఇంటికి చెద మందు పద్ధతి ఎంచుకున్న తీరు

మా ఇంట్లో చెద రెండు చోట్ల బయటపడింది. ఒకటి నైరుతి మూల పడగ్గదిలో, గోడకు బిగించిన కబోర్డు వెనక. రెండోది దానికి సరిగ్గా ఎదురు కొసన, ఈశాన్యంలో ఉన్న పూజగది ద్వారబంధం కింది భాగంలో. మాది తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు కాలనీ. కింద మేము, పైన అద్దెకుండేవాళ్ళు. అందరిలాగే వాస్తు చూసుకునే కట్టాం కాబట్టి బోరు, నీళ్ళ సంపు రెండూ ఈశాన్యంలోనే ఉన్నాయి. పూజగది గోడకూ సంపు గోడకూ మధ్య నాలుగడుగుల దూరం. నైరుతి గోడ అవతల ఖాళీ ప్లాటు, అందులో మనిషెత్తు పుట్ట.

చెద మందు కొట్టేవాళ్ళను పిలిస్తే, వచ్చినవాళ్ళెవరూ ఈ రెండు మూలల్నీ విడివిడిగా చూడలేదు. ఇల్లంతా కలిపి చదరపు అడుగుకు ఇంత అని చెప్పారు. మేము మాత్రం చివరికి రెండు మూలలకు రెండు పద్ధతులు పెట్టుకున్నాం. ఎందుకలా చేశామో, ఎవరిని ఏం అడిగి తెలుసుకున్నామో వివరంగా రాస్తున్నాను. సొంత బోరు, సంపు ఉన్న ఇళ్ళు మన ఊళ్ళో లెక్కలేనన్ని ఉన్నాయి. చెద మందు మాట ఎత్తితే మాత్రం అందరూ అడిగేది "ఎంతకు కొట్టించారు?" అనే.

కబోర్డు వెనక పలక ఊడదీసింది మాకు తెలిసిన ఆచారి. పైన మైకా చెక్కుచెదరలేదు, తలుపులు మామూలుగానే పడుతున్నాయి. ఆయన ఉలి మొనతో నొక్కితే ప్లైవుడ్‌లోకి అలాగే దిగిపోయింది. పలకకూ గోడకూ మధ్య ఎర్రమట్టి పలచగా అలికినట్టు పరుచుకుని ఉంది. దాన్ని గీకబోతే ఆపేశాడు. "కొయ్య సంగతి మళ్ళీ చూడొచ్చమ్మా. యాడినుంచి ఎక్కిందో ముందు ఆ దారి పట్టుకోండి. దారి తెలీకుండా మందు కొడితే ఈ గోడ ఇడిచి ఇంకో గోడ ఎక్కుతాది" అన్నాడు.

దారి వెతకడం మొదలుపెట్టాం. టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవరు చాలు. స్కర్టింగ్ టైలు పైఅంచు వెంబడి, కరెంటు పైపు గోడలోకి దిగిన చోట, బాత్రూం పైపులు బయటికి వచ్చే కంతల దగ్గర, మెట్ల కింద, బయట గోడ అడుగున చూడాలి. పెన్సిలంత లావు మట్టి గొట్టం కనిపిస్తే అదే దారి. మాకు నైరుతి గోడ బయట, ఏసీ నీళ్ళు కారే చోట రెండు దొరికాయి. ఆ నీళ్ళు ఎండాకాలమంతా గోడ పక్కనే పడి ఇంకుతుంటాయి. అక్కడే ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సెంట్రింగ్ చెక్కలు, పాత అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. నీడ, తేమ, చెక్క మూడూ ఒకే చోట. ఒక గొట్టాన్ని మధ్యలో వేలెడు మేర పగలగొట్టి వదిలేశాం. మర్నాటికి ఆ ఖాళీ సగం పూడ్చేశాయి. అంటే దారి నడుస్తూనే ఉంది. ఎండిపోయి ఎన్నాళ్ళుగానో వదిలేసిన గొట్టాన్ని చూసి కంగారుపడి మందు కొట్టించేవాళ్ళూ ఉంటారు కాబట్టి ఈ పరీక్ష ముందే చేసుకోవడం మంచిది.

పూజగది దగ్గర సంగతి వేరు. అక్కడ బయట గొట్టమేదీ లేదు. గడపకూ గచ్చుకూ మధ్య సందులోంచి నేరుగా లేచింది. 2021 నవంబరు వానలకు మా వీధిలోకి మోకాలెత్తు నీళ్ళు వచ్చాయి. అప్పట్నుంచి ఆ మూల గోడ అడుగున చెమ్మ పూర్తిగా పోలేదు. సంపు నింపిన మర్నాడు చూస్తే నీళ్ళు రెండు మూడు అంగుళాలు దిగుతున్నాయని మా ఆయన గమనించాడు. అంటే సంపు గోడలోంచి కూడా నీరు ఊరుతోంది.

మా వీధి చివర ఒక సారు ఉన్నారు. వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మందు కంపెనీలను పిలిచేముందు ఆయన దగ్గరికి వెళ్ళాం. "పురుగును పట్టుకురండి, మట్టిని కాదు. తల పెద్దదిగా, పసుప్పచ్చగా ఉండేవి కావాలి, అవి సైనికులు" అన్నారు. ఒక చిన్న సీసాలో స్పిరిట్ పోసి రెండు మూలల్నుంచీ పట్టి తీసుకెళ్ళాం. భూతద్దం కింద పెట్టి చూపించారు. తల ముందున్న కొరుకుడు కొమ్ముల్లో ఎడమవైపుదానికి లోపల చిన్న పన్ను ఉంది. అది ఒడొంటోటెర్మిస్ జాతి గుర్తట. మన ఎర్రనేలల్లో పుట్టలు పెట్టేది ఎక్కువగా ఇదే. కాప్టోటెర్మిస్ అని ఇంకో జాతి ఉంది. దాని సైనికుణ్ణి కదిపితే నెత్తిమీది రంధ్రంలోంచి పాలలాంటి చుక్క వస్తుంది. అది కొయ్యను లోపల్నుంచి డొల్ల చేస్తుంది, తేమ దొరికితే గోడల్లోనే గూడు పెట్టుకోగలదు. మావి రెండు చోట్లా మొదటి రకమే.

జాతి పేరు తెలిస్తే ఏమొస్తుందని మా ఆయన అడిగాడు. పద్ధతి ఎంచుకోవడంలో సగం పని దానితోనే అయిపోతుందని సారు చెప్పారు. ఒడొంటోటెర్మిస్ చెదలు కొయ్యను తిని, దాంతో పుట్ట లోపల బూజు తోటలు పెంచుతాయి. తొలకరి వానలకు పుట్ట మీద లేచే గొడుగులు ఆ బూజువే. వాటి ఆహారం చాలావరకు ఆ తోటలోంచే వస్తుంది. కాగితం, చెక్కపొడిలో మందు కలిపి పెట్టే ఎరలకు ఈ జాతులు అంత తేలిగ్గా లొంగవు. ఈ ఒక్క ముక్క తెలియకపోతే మేము అన్నిటికన్నా ఖరీదైన పద్ధతికి డబ్బు కట్టేవాళ్ళం.

ఎందుకంటే మొదట మాకు బాగా నచ్చింది ఎరల పద్ధతే. ఇంటి చుట్టూ నేలలో కొన్ని అడుగులకొకటి చొప్పున ప్లాస్టిక్ గొట్టాలు పాతుతారు. వాటిలో ముందు ఉత్త చెక్క పెడతారు. చెద దానికి తగులుకున్నాక మందు కలిపిన ఎర పెడతారు. హెక్సాఫ్లుమురాన్, క్లోర్‌ఫ్లుఅజురాన్ లాంటి మందులు పురుగు పాత చర్మం విడిచి కొత్తది కట్టుకోకుండా అడ్డుపడతాయి. కూలి చెదలు ఆ తిండి గూడంతటికీ పంచుతాయి కాబట్టి నెలల మీద గూడే క్షీణిస్తుంది. నేలలోకి లీటర్ల కొద్దీ మందు పంపక్కర్లేదు, గచ్చు తొలవక్కర్లేదు. సంపు ఉన్న ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది. కానీ మా ఇంటికి వచ్చిన చెద ఆ ఎరకు తేలిగ్గా లొంగే రకం కాదు. అలాంటి చెదకు ఎన్ని గొట్టాలు పాతినా ఫలితం మీద నమ్మకం ఉండదు. మీ ఇంట్లో ఉన్నది కాప్టోటెర్మిస్ అయితే మాత్రం ఈ పద్ధతిని తప్పకుండా ఆలోచించండి. అందుకే సీసాలో పురుగు పట్టుకెళ్ళి తెలిసినవాళ్ళకు చూపించమని ఇప్పుడు అందరికీ చెప్తున్నాను.

ఇక వచ్చిన కంపెనీల సంగతి. చదరపు అడుగుకు 6 రూపాయల నుంచి 12 దాకా చెప్పారు. ఒకాయన ఏ మందు వాడతారంటే "కంపెనీ మందు మేడమ్, ఒరిజినల్" అన్నాడే తప్ప పేరు చెప్పలేదు. డబ్బా చూపించమంటే పని రోజు తెస్తామన్నాడు. ఆయన్ను అక్కడికే పంపించేశాం. ఇంకొకాయన వేప, నిమ్మగడ్డి నూనెలతో చేసిన స్ప్రే తెచ్చాడు. వాసన బాగుంది, పిల్లలకు హాని లేదన్నాడు. అలాంటివి తగిలిన పురుగును చంపుతాయేమో గానీ గచ్చు కింది దారిని మూయలేవు. కిరసనాయిలు, పాత ఇంజన్ ఆయిలు పూయడం కూడా అంతే. పశువుల కొట్టంలో గుంజలకు పూసుకోవడానికి బాగుంటుంది గానీ, ఇంట్లో వాసనా, నిప్పు భయమూ మిగులుతాయి.

మిగిలింది నేలకు మందు పట్టించే పద్ధతి. కట్టిన ఇంటికి చేసేది ఇది: గోడా గచ్చూ కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు తొలుస్తారు. ఒక్కోదాంట్లోకి లీటరు దాకా మందు నీళ్ళు పంపి, రంధ్రం పూడ్చేస్తారు. బయట గోడ చుట్టూ మట్టిని గుల్లచేసి అక్కడా పట్టిస్తారు. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 6313 అనే ప్రమాణంలో దీనికి కొలతలన్నీ ఇచ్చింది. అందులో మూడో భాగం కట్టిన ఇళ్ళ గురించి. "ఐఎస్ 6313 ప్రకారం చేస్తారా?" అని అడిగితే చాలు, పని తెలిసినవాళ్ళెవరో మాట తీరులోనే తెలిసిపోతుంది.

అసలు తేడా మందులో ఉంది. మాకు చెప్పినవి మూడు.

మొదటిది క్లోరిపైరిఫాస్ 20 ఈసీ, అంటే 20 శాతం మందు ఉండి, నీళ్ళలో కలిపితే పాలలా అయ్యే ద్రవం. చవక, ఎరువుల కొట్లో కూడా దొరుకుతుంది. లీటరు మందుకు 19 లీటర్ల నీళ్ళు కలపాలి. మన పల్లెల్లో మామిడి తోటలకూ వేరుశనగకూ వాడిన మందే కాబట్టి చాలామందికి దానిమీద నమ్మకం. ఘాటు వాసన రోజుల తరబడి ఉంటుంది. ఇది నరాల మీద పనిచేసే ఆర్గానోఫాస్ఫేట్ జాతి విషం. కడుపులో ఉన్న బిడ్డల, పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుందన్న ఆధారాలతో చాలా దేశాలు దీన్ని పక్కన పెట్టాయి. ఏళ్ళ తరబడి విరిగిపోకుండా ఉండే విష రసాయనాలను ఆపడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో కూడా 2025లో దీన్ని, కొన్ని మినహాయింపులతో, చేర్చారు. ఒకప్పుడు చెదలకు తిరుగులేని మందులని పేరుపడ్డ ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ అదే జాబితాలో మొదటి వరసలో ఉన్నవి. మా పైఅంతస్తులో నెలల పసిబిడ్డ ఉంది. చవకైనా సరే ఇది వద్దనుకున్నాం.

రెండోది బైఫెంత్రిన్. మట్టికి గట్టిగా అంటుకుంటుంది, నీళ్ళతో పాటు సులువుగా కదలదు. వాసన తక్కువ. కానీ ఇది చెదను దూరంగా తోలే మందు. పురుగు దాన్ని పసిగట్టి పక్కకు తప్పుకుంటుంది, ఎక్కడ సందు దొరుకుతుందా అని వెతుకుతుంది. కొత్త ఇంటి పునాదిలో ఖాళీ లేకుండా పట్టించగలిగితే ఆ గుణం మేలే. కట్టిన ఇంట్లో బాత్రూం దగ్గర తొలవలేం, వంటగది గట్టు కింద తొలవలేం, కరెంటు పైపు ఉన్నచోట తొలవలేం. మందు గీత ఎక్కడో ఒకచోట తెగిపోతుంది. ఆ తెగిన చోటే దానికి దారి.

మూడోది ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ, అంటే 30.5 శాతం మందు సన్నటి పొడిగా కలిసి ఉండే చిక్కటి ద్రవం. లీటరు నీళ్ళకు 2.1 మిల్లీలీటర్లు. వాసన లేదు. చెద దీన్ని పసిగట్టలేదు, అందులోంచే నడుస్తుంది. వెంటనే చావదు, తోటి చెదలకు తగిలిస్తూ కొన్ని రోజుల్లో పోతుంది. గీతలో అక్కడక్కడా ఖాళీ ఉన్నా కొంత పనిచేస్తుంది కాబట్టి కట్టిన ఇంటికి ఇదే సరిపోతుందని మాకు అనిపించింది.

దీనికీ ఒక లోపం ఉందని సారు గట్టిగా హెచ్చరించారు. క్లోరిపైరిఫాస్ లీటరు నీళ్ళలో ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి కరగదు. ఇమిడాక్లోప్రిడ్ దాదాపు 600 మిల్లీగ్రాములు కరుగుతుంది. అంటే నీళ్ళున్న చోట నీళ్ళతో పాటు పోతుంది. తేనెటీగలకూ నీటిలో బతికే చిన్న ప్రాణులకూ ఇది విషం. "నైరుతిలో వాడుకోండి. ఈశాన్యంలో ఆ మందే కాదు, ఏ మందూ నేలలోకి పంపొద్దు. మీ సంపు కారుతోంది. లోపల్నుంచి నీళ్ళు బయటికి రాగలిగితే బయట్నుంచి లోపలికీ పోగలవు" అన్నారు. ఈ మాట ఒక్క కంపెనీ వాళ్ళూ చెప్పలేదు. సంపు ఎక్కడుందని అడిగినవాళ్ళు కూడా లేరు. ఇది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ సంపు నీళ్ళే పైట్యాంకుకు ఎక్కి రెండు కుటుంబాల కుళాయిల్లోకి వస్తాయి.

కాబట్టి ఈశాన్యం వరకు మందు లేని పద్ధతి ఆలోచించాం. ముందు సంపు ఖాళీ చేయించి, లోపలి పూత పగుళ్ళు తీసి మేస్త్రీతో వాటర్‌ప్రూఫ్ పూత వేయించాం. అది ఆరాక వారం పాటు నీళ్ళ మట్టం గుర్తుపెట్టి చూశాం, దిగలేదు. గోడ అడుగున చెమ్మ ఆరడానికి ఇంకా సమయం పట్టింది. పూజగది ద్వారబంధం తీసేయక తప్పలేదు, కింది అడుగున్నర పొట్టు అయిపోయింది. దాని స్థానంలో మళ్ళీ కొయ్య పెడితే చెదకు మళ్ళీ తిండి పెట్టినట్టే. నల్ల గ్రానైట్ ద్వారబంధం పెడదామని ఆచారే అన్నాడు. మన జిల్లాలో రాయికి కరువు లేదు. మా అత్త ఏమంటుందోనని భయపడ్డాం. పసుపు కుంకుమ పెట్టే గడప అది. ఆమె ఒక క్షణం ఆలోచించి "గుడిలో గర్భగుడి గడపలు రాతివే గదా, దేవునికి లేని అభ్యంతరం మనకేంటికి" అనేసింది. తలుపు రెక్కలు పాత టేకువి, బాగున్నాయి. వాటికి పాలిష్ గీకించి బోరేట్ ద్రావణం రెండు పూతలు పూయించి మళ్ళీ పాలిష్ వేయించాం. బోరేట్ ఉప్పు కొయ్యలోకి ఇంకి, కొరికిన చెదను చంపుతుంది. వానకు తడిసే చోట అది కారిపోతుంది కాబట్టి బయటి తలుపులకు పనికిరాదు, లోపలివాటికి మంచిది.

గడప రాతిదైనా గచ్చు సందు ఉండనే ఉంది. రాయి కింద, పక్కల ఖాళీ లేకుండా గట్టి సిమెంటు కాంక్రీటుతో నింపించి, గచ్చు అంచు మొత్తం గ్రౌట్ చేయించాం. చెద పూర్తిగా రాదని కాదు, వస్తే కొయ్యలో దాక్కోకుండా రాయి మీద గొట్టం కట్టుకుని కళ్ళకు కనబడేలా రావాలి. అప్పుడు చూసి తుడిచేయొచ్చు.

నైరుతి మూల దగ్గర సమస్య మందుది కాదు, పుట్టది. కంపెనీ వాళ్ళు పుట్టను పొడిచి లోపలికి మందు పోస్తే రాణి చస్తుంది, పీడ వదులుతుందన్నారు. అత్త ఒప్పుకోలేదు. "ఏటా నాగుల చవితికి పాలు పోసే పుట్టది. స్వామి పుట్టలో కూర్చున్న కొండ కింద ఉండి, పుట్టకు ఇసం పోస్తారా?" అని నిలదీసింది. తిరుమల స్థలపురాణంలో శ్రీనివాసుడు పుట్టలో ఉండగా ఆవు వచ్చి పాలు కురిపించిన కథ ఈ ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు. ఆమె బాధను కాదనడం మాకు ఇష్టం లేదు. పైగా ఆ ప్లాటు మాది కాదు, దాని యజమాని చెన్నైలో ఉంటారు.

ఈ సంగతి కూడా సారు దగ్గరే తేల్చుకున్నాం. పైకి కనిపించే మట్టి పగలగొడితే గూటికి ఏమీ కాదు. రాణి గది నేలమట్టానికి దగ్గరగా, ఇంకా లోతుగా కూడా ఉంటుంది. మందు అక్కడికి చేరకపోతే ప్రయోజనం లేదు. ఒకవేళ ఆ రాణి చచ్చినా, చుట్టుపక్కల ప్లాట్లలో ఇంకా గూళ్ళు ఉంటాయి. ఆహారం కోసం ఈ చెదలు నేలలో పదుల మీటర్లు సొరంగాలు తవ్వుకుని పోతాయి. "మీరు కాపాడుకోవాల్సింది మీ గోడ. పుట్ట జోలికి పోకపోయినా పని జరుగుతుంది" అన్నారు. అత్తకు ఆ మాట చెప్తే ఆమె ముఖం వెలిగింది. పుట్ట అలాగే ఉంది, మొన్న చవితికి కూడా పాలు పోశాం.

కంపెనీ ఎంపికలో మేము మూడు చూశాం. లైసెన్సు, డబ్బా, ఒప్పందం. పురుగుమందుల నియమాల ప్రకారం డబ్బు తీసుకుని ఇళ్ళలో మందు కొట్టేవాళ్ళకు వ్యవసాయ శాఖ లైసెన్సు ఉండాలి. దానికోసం హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్ఐ) లాంటి చోట్ల శిక్షణ తీసుకున్న మనిషి ఉండాలి. కాగితం అడిగితే తెలిసినవాళ్ళు నొచ్చుకోరు. మేము ఎంచుకున్న ఆయన ఫోన్లోనే ఫోటో పంపాడు. వారంటీ ఐదేళ్ళు అన్నాడు. దాని వెనక పేజీ చదివితే ఏడాదికోసారి వచ్చి చూస్తారు, చెద తిరిగి వస్తే ఉచితంగా మందు కొడతారు, పాడైన కొయ్యకు మాత్రం బాధ్యత లేదు అని ఉంది. అది అన్యాయమేమీ కాదు, ముందే తెలిసి ఉంటే చాలు. మందు కొట్టిన గచ్చు మళ్ళీ తవ్వితే వారంటీ పోతుందన్న షరతు కూడా చదువుకోండి. ఇంట్లో మార్పులేమైనా చేయాలనుకుంటే ముందు అవి చేయించుకుని తర్వాత మందు పెట్టించాలి.

లెక్క మేమే వేసుకున్నాం, ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఈశాన్యం మినహాయించి గోడల పొడవు కొలిస్తే లోపల సుమారు 200 రంధ్రాలు వస్తాయి. రంధ్రానికి లీటరు చొప్పున 200 లీటర్ల నీళ్ళు. లీటరుకు 2.1 మిల్లీలీటర్ల లెక్కన 420 మిల్లీలీటర్ల మందు, బయట గోడకు వేరే. అదే క్లోరిపైరిఫాస్ అయితే 200 లీటర్లకు 10 లీటర్ల డబ్బా అయిపోవాలి. ఎవరైనా చిన్న సీసాతో వచ్చి క్లోరిపైరిఫాస్‌తో ఇల్లంతా చేసేస్తామంటే అది మందు కాదు, నీళ్ళు. పని రోజు సీలు ఉన్న సీసా మా ముందు విప్పాలని, కొలిచి కలపాలని, సీసా మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ బిల్లు మీద రాయాలని ముందే మాట్లాడుకున్నాం. చదరపు అడుగుకు 9 రూపాయలకు కుదిరింది. తక్కువ చోట చేస్తున్నా తగ్గించమని అడగలేదు. సంపు వైపు వద్దన్నది మా నిర్ణయం.

పని సంక్రాంతి దాటాక పెట్టుకున్నాం. మన వైపు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరులోపు పడతాయి. బయట మట్టికి పట్టించిన మందు వెంటనే వానకు తడిస్తే కొట్టుకుపోతుంది. అందాకా మట్టి గొట్టాలను ముట్టుకోలేదు. ఏసీ పైపును మాత్రం పొడిగించి నీళ్ళు కాలువలోకి మళ్ళించాం, చెక్కలు, అట్టపెట్టెలు తీసేయించాం. మందు కన్నా ముందు చేయాల్సింది ఇదే, దీనికి ఖర్చూ లేదు.

ముందురోజు రాత్రి ఇల్లు కట్టినప్పటి ఫోటోలు బయటికి తీశాం. గచ్చు కింద పైపులు ఎటు పోయాయో వాటిలో కనిపించింది. చాక్‌పీసుతో ఆ చోట్లన్నీ గుర్తు పెట్టాం. బాత్రూముల్లో వాటర్‌ప్రూఫింగ్ తెగకుండా లోపల తొలవొద్దని, బయటి గోడ వైపు నుంచే చేయాలని చెప్పాం. సంపు గోడ నుంచి పదడుగుల దూరంలో గచ్చు మీద అడ్డంగా ఒక గీత గీసి, దాన్ని దాటొద్దని పనివాళ్ళకు చూపించాం. వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకడికి చేతి తొడుగులు లేవు. "అలవాటే అక్కా, ఏం కాదు" అన్నాడు. మా ఆయన వెళ్ళి తొడుగులు, మాస్కులు కొనుక్కొచ్చేదాకా సీసా విప్పనివ్వలేదు. మందు రోజూ ముట్టుకునేది వాళ్ళే, ముందు వాళ్ళ ఒంటికి రక్షణ ఉండాలి.

పైవాళ్ళు బిడ్డతో ఆ రోజుకు బంధువులింటికి వెళ్ళారు. తులసికోట మీద తడిగోనె కప్పాం. విట్రిఫైడ్ టైలుకు వజ్రపు బిట్టు వాడితే అంచు పగలకుండా తొలుచుకుంది. కబోర్డు వెనక మూలలో, ద్వారబంధాల మొదళ్ళలో సన్నటి రంధ్రాలు ఏటవాలుగా తొలిచి కొయ్యలోకి విడిగా మందు ఎక్కించారు. రంధ్రాలను టైలు రంగు కలిపిన తెల్లసిమెంటుతో పూడ్చారు, ఇప్పుడు వెతికితే తప్ప కనిపించవు. డ్రమ్ము కడిగిన నీళ్ళు కాలువలో పారబోయబోతుంటే ఆపి, బయట గోడ పక్కన తవ్విన చాలులోనే పోయించాం. ఖాళీ సీసాకు కంత పెట్టి వాళ్ళే తీసుకెళ్ళేలా చూశాం.

ఇమిడాక్లోప్రిడ్ నెమ్మదిగా పనిచేస్తుంది. మొదటి వారం గొట్టాల్లో చెదలు తిరుగుతూనే ఉన్నాయి. మా ఆయన కంగారుపడి కంపెనీకి ఫోన్ చేయబోతే సారు ఆగమన్నారు. పైన ఇంకో స్ప్రే కొడితే అవి ఆ దారి మానేస్తాయి, మందులోంచి నడవడం ఆగిపోతుంది అన్నారు. మూడో వారంలో గొట్టాన్ని మళ్ళీ పగలగొట్టి చూస్తే ఆ చోటు పూడలేదు. నెల దాటాక గొట్టం మొత్తం ఎండి, ముట్టుకుంటే రాలిపోయింది. అప్పుడే ఆచారిని పిలిచి కబోర్డు కొత్తగా చేయించాం. ఈసారి వెనక పలక గోడకు ఆనకుండా అంగుళం ఖాళీ వదిలి, కింద రాతి దిమ్మ మీద నిలబెట్టించాం. పూజగది వైపు ఇప్పటికైతే ఏమీ కనిపించలేదు. అక్కడ మందు లేదు కాబట్టి నెలకోసారి టార్చి వేసి చూడటం అత్త తన పనిగా పెట్టుకుంది.

మా తమ్ముడు చంద్రగిరి దగ్గర ఇల్లు మొదలుపెట్టాడు. వాడికి ఇంత తంటా అవసరం లేదు. పునాది దశలోనే పట్టిస్తే తొలవడం, పూడ్చడం ఉండదు. ఐఎస్ 6313 రెండో భాగం ప్రకారం పునాది గుంతల అడుగుకూ పక్కలకూ చదరపు మీటరుకు 5 లీటర్లు, పునాది గోడల పక్కన తిరిగి నింపే మట్టికి గోడ చదరపు మీటరుకు 7.5 లీటర్లు, గచ్చు వేసేముందు నింపిన మట్టి పైన మళ్ళీ 5 లీటర్లు పట్టించాలి. పట్టించాక ఆ మట్టిని కదపకూడదు, ఆలస్యం చేయకుండా కాంక్రీటు వేసేయాలి. వాడి ప్లాన్‌లోనూ సంపు ఈశాన్యంలో పునాదికి ఆనుకునే ఉంది. దాన్ని పునాదికి పదడుగులు దూరం జరపమని ఇంజినీరుతో మాట్లాడించాను. కాంపౌండు మూలకు జరిపి కొత్త ప్లాన్ గీసిచ్చాడు. ఈ నెలాఖరుకు పునాది గుంతలు తవ్వుతారు.